పార్కు ఎవరి మాట వింటుంది?

కొన్ని వారాల కిందట నాచారంలో మేముండే వీధికి దగ్గరలోని ఒక కాలనీ సంక్షేమ సంఘం వాళ్ళు నన్నొక సమావేశానికి పిలిచారు. కాలనీ పార్కును మెరుగుపరిచే ప్రతిపాదన ఒకటి వాళ్ళ ముందుకొచ్చింది. చెట్లకు క్యూఆర్ కోడ్ బిళ్ళలు తగిలిస్తారు. ఫోనుతో స్కాన్ చేస్తే చెట్టు పేరు, దాని వివరాలు కనిపిస్తాయి. గేటు పక్కన పెద్ద టచ్ స్క్రీన్ ఉంటుంది. మనుషుల కదలికను పసిగట్టి వెలిగే దీపాలు, పాటకు తగ్గట్టు ఎగిరే చిన్న ఫౌంటెన్, పదహారు కెమెరాలు. ఇదంతా కలిపి ‘ఇంటరాక్టివ్ పార్కు’ అన్నారు. అంటే వచ్చినవాళ్ళతో మాట్లాడే పార్కు అని ప్రతిపాదన తెచ్చిన యువకుడు ఉత్సాహంగా వివరించాడు. “స్త్రీల తరపున కూడా ఒక మాట ఉంటే బాగుంటుంది మేడం” అని సంఘం పెద్దలు నా వైపు తిరిగారు. హాల్లో పాతికమందిమి ఉంటే అందులో స్త్రీలం ముగ్గురం.

ఆ పూట నేను చెప్పినదాంట్లో గొప్ప విషయమేమీ లేదు. దీపాలు సరిగా ఉండాలన్నాను, మరుగుదొడ్డికి తలుపు, నీళ్ళు ఉండాలన్నాను. అందరూ తలూపారు. సమావేశం ముగిసి బయటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. పార్కు గేటుకు తాళం వేసి ఉంది. ప్రహరీ మీదుగా బయటికి వాలిన కానుగ కొమ్మల నీడలో, ఫుట్‌పాత్ మీద, అయిదుగురు స్త్రీలు టిఫిన్ డబ్బాలు విప్పుకుని అన్నం తింటున్నారు. చుట్టుపక్కల అపార్టుమెంట్లలో ఇంటిపని చేసేవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు నాకు ముఖపరిచయమే. “లోపల బెంచీలున్నాయి కదా, ఇక్కడ కూర్చున్నారేమక్కా?” అని అడిగాను.

“తొమ్మిదింటికి తాళమేస్తరు మేడం. మల్ల నాలుగింటికే తీసేది. గప్పటికి మేము రెండో పూట పనిల ఉంటం” అన్నదొకామె. పక్కనామె నవ్వింది. “వాళ్ళు తీసినప్పుడు మాకు తీరది. మాకు తీరినప్పుడు వాళ్ళు తియ్యరు.”

నేను ఆ పార్కులో ఏళ్ళ తరబడి ఉదయం నడుస్తున్నాను. సమాజశాస్త్రం చదువుకున్నాను, స్త్రీల పని గురించి రాశాను. మధ్యాహ్నం ఆ గేటుకు తాళం ఉంటుందన్న సంగతి మాత్రం నా కంట పడలేదు. నాకు అవసరమైన వేళకు అది తెరిచే ఉండేది కాబట్టి. మాట్లాడే పార్కు గురించి రెండు గంటలు చర్చించి వచ్చిన మాకెవరికీ తట్టని విషయాన్ని ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది. ఈ సంపాదకీయానికి కారణం ఆ రెండు ముక్కలే.

వరకట్న హత్యలు, గృహహింస, పని స్థలాల్లో లైంగిక వేధింపులు ఇంకా మన ముందుండగా పార్కుల్లో పెట్టే యంత్రాల గురించి ఈ పత్రికలో రాయటమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ఇంట్లో హింస గురించి మాట్లాడటం మొదలుపెట్టిన రోజుల్లోనూ ఇలాంటి ప్రశ్న వచ్చింది. ఇది కూడా ఒక సమస్యేనా అన్నారు. ఇల్లు కాని చోట, పని లేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా ఒక అరగంట కూర్చునే హక్కు స్త్రీకి ఉన్నదా లేదా అన్నది చిన్న ప్రశ్న కాదు. ముంబయి స్త్రీల అనుభవాలపై శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి 2011లో తెచ్చిన ‘వై లాయిటర్’ పుస్తకం సరిగ్గా దీన్నే చర్చించింది. బజారుకెళ్ళే స్త్రీని, ఆఫీసుకెళ్ళే స్త్రీని, పిల్లల్ని బడి నుంచి తెచ్చే స్త్రీని నగరం ఒప్పుకుంటుంది. ఊరికే కూర్చున్న స్త్రీని అనుమానిస్తుంది. అసలు ఊరికే కూర్చునే సమయమైనా ఎక్కడుంది? 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీలో స్త్రీలు గడిపేది రోజుకు 289 నిమిషాలు, పురుషులు గడిపేది 88 నిమిషాలు. సుమారు అయిదు గంటలకూ గంటన్నరకూ ఉన్న ఈ తేడాలో పార్కు తాళం కథ కూడా ఇమిడి ఉంది. తొమ్మిదికి మూసి నాలుగుకు తెరిచే పార్కు, ఉద్యోగానికి ముందూ తర్వాతా ఖాళీ ఉండే మనిషిని దృష్టిలో పెట్టుకుని పెట్టిన వేళలది. ఆ మనిషికి ఇంట్లో అన్నం ఎవరో వండిపెడుతుంటారు.

మన నగరంలో పార్కుల్లోకి సాంకేతికత ఎలా వచ్చిందో ఒకసారి వెనక్కి తిరిగి చూడటం అవసరం. మొదట వచ్చింది చూపించే సాంకేతికత. హుసేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కులో లేజర్ ప్రదర్శన చూడటానికి నగరం నలుమూలల నుంచి కుటుంబాలు వచ్చేవి. 2023 ఫిబ్రవరిలో అక్కడే సాగర్ నీళ్ళపై తేలే సంగీత ఫౌంటెన్‌ను సుమారు 17 కోట్ల రూపాయల ఖర్చుతో ప్రారంభించారు. వెలుగు, నీళ్ళు, పాట. చూసేవాళ్ళు కూర్చుని చూస్తారు, చప్పట్లు కొడతారు, వెళ్ళిపోతారు. ఇందులో తప్పేమీ లేదు. ఉప్పల్ నుంచి బస్సెక్కి పిల్లల్ని తీసుకుని వెళ్ళే తల్లికి అదొక సాయంత్రపు సంతోషం. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు కాబట్టి ఆ ప్రయాణానికి మగవాళ్ళ జేబు వైపు చూడాల్సిన అవసరం కూడా తగ్గింది.

తర్వాత వచ్చింది చూసే సాంకేతికత. 2007 ఆగస్టు 25 సాయంత్రం అదే లుంబినీ పార్కులో, ఆ లేజర్ ప్రదర్శన జరుగుతుండగానే బాంబు పేలింది. అదే సాయంత్రం కోఠిలో గోకుల్ చాట్ దగ్గర ఇంకొకటి. 42 మంది చనిపోయారు. ఆ గాయం తర్వాత సంచులు వెతకటం, మెటల్ డిటెక్టర్లు, కెమెరాలు నగరానికి అలవాటయ్యాయి. జనం గుమిగూడే చోట్లలో కెమెరాలు పెట్టటాన్ని తప్పనిసరి చేస్తూ ఉమ్మడి రాష్ట్రం 2013లో ప్రజా భద్రత చట్టం తెచ్చింది. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన తర్వాత, 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత, స్త్రీల భద్రత అనే మాట కెమెరాకు పర్యాయపదంగా మారిపోయింది. మా సమావేశంలో కూడా పదహారు కెమెరాలకు చెప్పిన కారణం “లేడీస్ సేఫ్టీ.”

చూపించే సాంకేతికత, చూసే సాంకేతికత. వినే సాంకేతికత మాత్రం ఇంకా రాలేదు. ఇంటరాక్టివ్ అనే మాటకు అర్థం ఇరువైపులా మాట నడవటం. అయితే మన పార్కుల్లో ఇప్పటికీ రాజ్యమేలుతున్నది అన్నిటికన్నా పాత సాంకేతికత, బోర్డు. గడ్డి మీద నడవరాదు. పూలు కోయరాదు. బోర్డు చెబుతుంది, జవాబు వినదు. 2021 ఆగస్టులో ఇందిరా పార్కు దగ్గర, పెళ్ళికాని జంటలకు పార్కులోకి ప్రవేశం లేదని ఒక బ్యానరు కట్టారు. రాజ్యాంగంలోగానీ మున్సిపల్ చట్టంలోగానీ అటువంటి నిషేధం ఎక్కడా లేదు. స్త్రీల సంఘాలూ, కార్యకర్తలూ, మామూలు పౌరులూ గట్టిగా నిలదీశాక జీహెచ్‌ఎంసీ ఆ బ్యానరు తీసేసి విచారం ప్రకటించింది. ఆ పార్కు పక్కనే ధర్నా చౌక్ ఉంది. 2017లో అక్కడ నిరసనలు ఆపేయటానికి చెప్పిన కారణాల్లో చుట్టుపక్కల నివాసులకూ నడకకు వచ్చేవారికీ ఇబ్బంది అన్నది ఒకటి. 2018లో హైకోర్టు జోక్యం చేసుకునేదాకా అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు కూర్చోవటానికి నగరం మధ్యలో ఆ చోటు లేకుండా పోయింది. సందర్శకులు అనే మాట వినటానికి అందరినీ కలుపుకున్నట్టుగా ఉంటుంది. ఎవరు సందర్శకులు, ఎవరు ఇబ్బంది అన్నది మాత్రం ముందే నిర్ణయమై ఉంటుంది.

బ్యానరు గుడ్డతో చేసింది కాబట్టి అందరికీ కనిపించింది, అందరూ అడిగారు, తీసేశారు. రేపు అదే నిషేధాన్ని ఒక కెమెరా, ఒక సాఫ్ట్‌వేర్ అమలు చేస్తే దాన్ని ఎవరు చదువుతారు? ఒక బెంచీ మీద ఇద్దరు చాలాసేపు కూర్చుంటే కాపలాదారు ఫోనుకు సందేశం వెళ్ళేటట్టు చెయ్యటం ఇవాళ కష్టమేమీ కాదు. వేరే మతం కుర్రాడితో మాట్లాడుతున్న అమ్మాయి ఫోటో ఇంటికి చేరటానికి ఎంతసేపు? ఇంటి నుంచి ఒక గంట తప్పించుకోవటానికి పార్కుకొచ్చే అమ్మాయికి ఆ పదహారు కెమెరాలు రక్షణా, లేక అన్నయ్య కన్నా? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. పోలీసులు ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ వాడటాన్ని ప్రశ్నిస్తూ హైదరాబాదుకు చెందిన ఒక సామాజిక కార్యకర్త వేసిన పిటిషన్‌పై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రభుత్వ సంస్థలకు విస్తృతంగా మినహాయింపులిచ్చే వీలు ఉంచుకుంది. కాలనీ పార్కులో తీసిన బొమ్మలు ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు ఉంటాయని నేను సమావేశంలో అడిగినప్పుడు, “కాంట్రాక్టరు దగ్గరుంటాయి మేడం, సేఫే” అన్నారు. ఎవరికి సేఫో చెప్పలేదు.

కెమెరాలు అసలే వద్దని నేను అనటం లేదు. చీకటి మూలలో వేధింపుకు గురైన స్త్రీ ఫిర్యాదు చేసినప్పుడు సాక్ష్యం కావాలి. అయితే జరిగిన తర్వాత సాక్ష్యం ఇవ్వటం వేరు, జరగకుండా చూడటం వేరు. స్త్రీలకు ధైర్యమిచ్చేది చుట్టూ ఉన్న మనుషులు. ముఖ్యంగా చుట్టూ ఉన్న స్త్రీలు. కల్పనా విశ్వనాథ్, ఆశీష్ బసు 2013లో మొదలుపెట్టిన సేఫ్టీపిన్ అనే మొబైల్ అప్లికేషన్ ఈ విషయాన్ని గుర్తించింది. ఢిల్లీలో జాగోరీ సంస్థ స్త్రీలు వీధుల్లో నడుస్తూ కాగితం మీద చేసిన భద్రతా పరిశీలనల అనుభవం దాని వెనక ఉంది. ఒక చోటును అంచనా కట్టటానికి వాళ్ళు తీసుకున్నవి వెలుతురు, నడిచే దారి, చుట్టూ కనిపించే తీరు, బస్సు, మెట్రో దగ్గరగా ఉండటం, అక్కడున్న జనంలో స్త్రీలెంతమంది లాంటివి. చివరిది, అక్కడ నిలబడితే నీకేమనిపించింది అన్న ప్రశ్న. నీకేమనిపించింది అని అడిగే యంత్రాన్ని నేను ఇంటరాక్టివ్ అని ఒప్పుకుంటాను.

మళ్ళీ మన ప్రతిపాదన దగ్గరికి వద్దాం. అందులో అందరికీ బాగా నచ్చింది కదలికకు వెలిగే దీపాలు. కరెంటు ఆదా అవుతుంది, పర్యావరణానికి మేలు. మనిషి దగ్గరికొస్తే వెలుగుతుంది, ఎవరూ కదలకపోతే కొంతసేపటికి మందగిస్తుంది. సాయంత్రం ఏడింటికి ఒక స్త్రీ బెంచీ మీద కదలకుండా కూర్చుందనుకోండి. ఆమె చుట్టూ చీకటి పడుతుంది. వెలుతురు కావాలంటే ఆమె లేచి నడవాలి, లేదా చేతులు ఊపుతూ ఉండాలి. ఆ దీపం నడిచేవాళ్ళను మనుషులుగా గుర్తిస్తుంది, కూర్చున్నవాళ్ళను గుర్తించదు. ఎవరూ కావాలని చేసింది కాదు. తయారుచేసినవాళ్ళ మనసులో పార్కు అంటే నడక అని ఉంది, అది దీపంలోకి దిగింది. పితృస్వామ్యం ఎప్పుడూ దుర్మార్గుడి రూపంలోనే రాదు. చాలాసార్లు అలవాటు రూపంలో వస్తుంది. పరిష్కారం కూడా కష్టమైనదేమీ కాదు. బెంచీలున్న చోట పార్కు మూసేదాకా స్థిరంగా వెలిగే దీపాలు పెడితే చాలు. అది చెప్పటానికి బెంచీ మీద కూర్చునే మనిషిని ముందు అడగాలి.

క్యూఆర్ కోడ్ సంగతి. ఢిల్లీ లోదీ గార్డెన్‌లో 2018లో చెట్లకు ఇలాంటి కోడ్‌లు తగిలించారు. చెట్టు వయసూ, పూసే కాలమూ తెలుసుకోవటం మంచి విషయమే. నేనైతే స్కాన్ చేస్తాను. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు నూటికి 27 మంది కూడా లేరు. పురుషుల్లో సగానికి పైగా ఉన్నారు. తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు నూటికి 60 మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను సాయంత్రం ఎవరి చేతిలో ఉంటుందన్న లెక్క మాత్రం అంత వేగంగా మారలేదు. కాబట్టి పార్కులో పెట్టే ఏ పరికరమైనా చేతిలో ఫోను లేని మనిషికి కూడా పలకాలి. చదువు రాని మనిషికీ పలకాలి. మౌలాలి, మల్లాపూర్ వైపు నుంచి వచ్చే ఉర్దూ మాట్లాడే స్త్రీకి, బతుకుతెరువుకు ఒడిశా, బీహార్ల నుంచి వచ్చి నాచారం పారిశ్రామికవాడలో గదులు అద్దెకు తీసుకున్న కుటుంబాల స్త్రీకి వాళ్ళ భాషలో పలకాలి.

ఇంకొకటి ఉంది. ఆ కోడ్‌లో ఉండే సమాచారం ఎవరిది? ఆ పార్కులో ఊడ్చి, నీళ్ళు పట్టే ఆమె ఒకరున్నారు. పార్కు మూలన పెరిగిన ఒక పొదను చూపించి ఇదేమిటని అడిగితే “వాయిలాకు గద మేడం” అన్నది. బాలింతకు ఆ ఆకు వేసి కాచిన నీళ్ళు పోస్తారని, ఒళ్ళు నొప్పులకు తమ ఊళ్ళో ఇప్పటికీ కోసుకుపోతారని చెప్పింది. తంగేడు ఎప్పుడు పూస్తుందో, గునుగు ఇప్పుడు దొరక్క బతుకమ్మకు ఎన్ని డబ్బులు పెట్టి కొనాల్సి వస్తున్నదో చెప్పింది. ప్రతిపాదన కాగితాల్లో అదే మొక్క పేరు వైటెక్స్ నెగుండో. ఆ పేరూ ఉండనివ్వండి, శాస్త్రానికి నేను వ్యతిరేకిని కాదు. కానీ ఒక మీట నొక్కితే ఆమె గొంతే వాయిలాకు గురించి చెప్పే చిన్న స్తంభం పెట్టటం, టచ్ స్క్రీన్ కన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పని. పిల్లల చెయ్యి అందేంత ఎత్తులో, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకూ అందేట్టు పెట్టవచ్చు. దానికే ఇంకో మీట పెడితే, విన్న ముసలామె తనకు తెలిసినది కూడా చెప్పి రికార్డు చెయ్యవచ్చు. ఆ గొంతు ఇచ్చినందుకు పార్కులో పనిచేసే ఆమెకు డబ్బు చెల్లించాలి, ఆమె పేరు ఉండాలో వద్దో ఆమెనే అడగాలి. ఈ మాట నేను సమావేశంలో అంటే, “ఆమె అవుట్‌సోర్సింగ్ కదా మేడం, రేపు ఉంటుందో లేదో” అన్నారొకాయన. ఆయన తప్పుగా అనలేదు. పాతిక చెట్లను పెంచిన మనిషి ఉద్యోగం, ఆమె నీళ్ళు పోసిన చెట్టుకు తగిలించే బిళ్ళ కన్నా తక్కువ కాలం ఉంటుంది.

ఉప్పల్ బాగాయత్ అన్న పేరే చూడండి. బాగాయత్ అంటే తోట భూమి. మూసీ ఒడ్డున తోటలు పండిన నేల. ఇవాళ అది హెచ్‌ఎండీఏ లేఅవుట్. భూములిచ్చిన పట్టాదారులకు అభివృద్ధి చేసిన ప్లాట్లలో కొంత దక్కింది, మిగిలినవి వేలానికి వెళ్ళాయి. ఆ తోటల్లో కలుపు తీసిన కూలి స్త్రీలకు లెక్కలో చోటు లేదు, ఉండదు కూడా. పట్టా ఉన్నవాళ్ళకే పరిహారం కదా. అదే నేల మీద 2019లో శిల్పారామం తెరిచారు. టికెట్టు కొని లోపలికి వెళితే పల్లె జీవితం, చేతివృత్తులు అందంగా కనిపిస్తాయి. నేను కూడా చెల్లెళ్ళ పిల్లల్ని తీసుకుని వెళ్ళాను, వాళ్ళకు బాగా నచ్చింది. 2023 జూన్‌లో ఉప్పల్ కూడలిలో స్కైవాక్ వచ్చాక లిఫ్టులో ఎక్కి రోడ్డు దాటటం ముసలివాళ్ళకూ, గర్భిణులకూ నిజంగా సులువైంది. సౌకర్యాలు వచ్చాయి, కాదనను. నాగోలు నుంచి మెట్రో వచ్చింది 2017 నవంబర్‌లో. దారులు ఇన్ని వచ్చాయి, ఆగి కూర్చునే చోట్లు మాత్రం గేట్ల వెనకే ఉన్నాయి.

అందరి మాటా విని చోటును మార్చటం సాధ్యమా అంటే, చేసి చూపిన నగరాలు ఉన్నాయి. వియన్నా నగరపాలక సంస్థ 1996–97లో పిల్లలు పార్కులను ఎలా వాడుతున్నారో సమాజశాస్త్రజ్ఞుల చేత పరిశీలన చేయించింది. తొమ్మిదేళ్ళు దాటగానే ఆడపిల్లలు పార్కుల్లో కనిపించకుండా పోతున్నారని, మగపిల్లలు మాత్రం ఉంటున్నారని తేలింది. ఆడపిల్లలకు ఆటలంటే ఇష్టం తగ్గిపోయి కాదు. బంతాట మైదానం చుట్టూ ఇనుప కంచె, దానికి ఒకే వాకిలి, ఆ వాకిట్లో మగపిల్లలు. 1999 తర్వాత మార్గరెటెన్ ప్రాంతంలో ఐన్‌సీడ్లర్ పార్కునూ, బ్రూనో క్రైస్కీ పార్కునూ మార్చి కట్టారు. కంచెకు వాకిళ్ళు పెంచారు, పెద్ద మైదానాన్ని చిన్న చోట్లుగా విడదీశారు, వాలీబాల్ లాంటి ఆటలకు చోటు ఇచ్చారు, దారులకు దీపాలు పెట్టారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. అక్కడ వాడిన ముఖ్యమైన పరికరం, పార్కులో కూర్చుని ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో లెక్కపెట్టిన మనిషి కన్ను. రానివాళ్ళను ఏ సెన్సారూ లెక్కపెట్టలేదు.

యంత్రాల విషయంలో కూడా ఇటువంటి అనుభవం ఉంది. 1983 నుంచి 1987 దాకా నార్వేలోని ఓస్లోలో ‘ఫ్లారెన్స్’ పేరుతో ఒక ప్రయోగం జరిగింది. ఆసుపత్రి నర్సుల కోసం కంప్యూటర్ వ్యవస్థ తయారుచెయ్యాలి. కంప్యూటర్ పరిశోధకులు ముందు వార్డుల్లోకి వెళ్ళి నర్సుల పనిని చూశారు, వాళ్ళు ఒకరికొకరు ఏం చెప్పుకుంటారో, ఏం రాసుకుంటారో నేర్చుకున్నారు. నర్సులు కంప్యూటర్ గురించి నేర్చుకున్నారు. ఆ తర్వాతే తయారీ. యంత్రాన్ని ఎవరు వాడతారో వాళ్ళే దాని రూపాన్ని నిర్ణయించాలన్న ఈ పద్ధతి ఆ దేశాల్లో కార్మిక సంఘాల ఉద్యమం నుంచి వచ్చింది, దయతో ఇచ్చింది కాదు. మనకు నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. రాత్రి డ్యూటీ దిగి ఉదయం తొమ్మిదిన్నరకు బయటికొచ్చే నర్సు బస్సెక్కే ముందు పది నిముషాలు చెట్టు కింద కూర్చోవాలనుకుంటే పార్కు మూసి ఉంటుంది. ఆమెనెవరూ అడగలేదు. ఉప్పల్‌లో ఐటీ కంపెనీల నుంచి క్యాబుల కోసం ఎదురుచూసే అమ్మాయిలను అడగలేదు. పారిశ్రామికవాడలో షిఫ్టు దిగే స్త్రీలనూ, పార్కులోకి వస్తే కాపలాదారు వెళ్ళగొట్టే హిజ్రాలనూ అడగలేదు.

అడిగితే ఏం చెబుతారు? కానుగ కింద కూర్చున్నవాళ్ళను నేను తర్వాత మరి రెండుసార్లు కలిశాను. టచ్ స్క్రీన్ అన్నది వాళ్ళకు వింతేమీ కాదు, ఏటీఎంలో చూశారు. “మంచిగనే ఉంటది, పిల్లలు ఆడుకుంటరు” అన్నారు. వాళ్ళకేం కావాలని అడిగితే మొదట మరుగుదొడ్డి అన్నారు. పని చేసే ఇళ్ళల్లో మరుగుదొడ్డి వాడనివ్వనివాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ ఇళ్ళను పొద్దున్నే తుడిచేది వీళ్ళే, అయినా తమ అవసరానికి పొద్దున నుంచి సాయంత్రం దాకా ఓర్చుకుంటారు. పార్కు మరుగుదొడ్డికి తాళం ఉందో లేదో, నీళ్ళున్నాయో లేదో దూరం నుంచే తెలిసేట్టు పైన ఒక దీపం ఉంటే బాగుంటుందని ఒకామె అన్నది. పచ్చ దీపమైతే వెళ్ళొచ్చు, ఎర్ర దీపమైతే నడక దండగ అవదు. నేను ఇన్నేళ్ళలో విన్న ఇంటరాక్టివ్ పరికరాల ఆలోచనల్లో ఇంత పనికొచ్చేది ఇంకొకటి లేదు. నీళ్ళు అయిపోయినప్పుడు ఎర్ర దీపం వెలగటంతో పాటు వార్డు కార్యాలయానికి కబురు కూడా వెళ్ళేట్టు చెయ్యవచ్చని ప్రతిపాదన తెచ్చిన యువకుడే, ఈ సంగతి చెప్పగానే, తనంతట తానే అన్నాడు. అతనికి ఆలోచన లేక కాదు, ఆ ప్రశ్న అతని దాకా రాలేదు.

ఆపదలో నొక్కే మీట గురించి కూడా మాట్లాడుకున్నాం. నొక్కితే ఎవరొస్తారు అన్నదే వాళ్ళ మొదటి ప్రశ్న. పోలీసులొస్తే “నువ్వీడ ఎందుకున్నవ్” అని ముందు మమ్మల్నే అడుగుతారని వాళ్ళ అనుభవం. పార్కులో ఒక స్త్రీ కాపలాదారు ఉండి, మీట నొక్కితే ఆమె దగ్గర గంట మోగితే వాడతామన్నారు.

ఈ విషయాలన్నీ రాసి మేము సంఘానికి ఒక ఉత్తరం ఇచ్చాం. మధ్యాహ్నం కూడా గేటు తెరిచి ఉంచాలని మొదటి మాట. దానికి రెండో కాపలాదారు కావాలి, ఆ జీతం ఎక్కడి నుంచి తేవాలని వాళ్ళ ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే, సంఘం చందాలతో నడిచేది. టచ్ స్క్రీన్ ఖర్చును నెలలకు పంచితే రెండో కాపలాదారుకు ఎన్నాళ్ళ జీతం వస్తుందో లెక్క వేసి చూడమని అడిగాం. లెక్క వేస్తున్నారు. కెమెరాలను పదహారు నుంచి గేట్ల దగ్గరి రెండింటికి తగ్గించటానికి కొందరు ఒప్పుకున్నారు, కొందరు ససేమిరా అంటున్నారు. బొమ్మలు ఎన్ని రోజులు ఉంటాయి, ఎవరు చూడవచ్చు అన్నది గేటు మీద తెలుగులో, ఉర్దూలో రాయాలన్నదానికి అభ్యంతరం రాలేదు. పగటిపూట గేటు తీస్తే “ఎవరెవరో వచ్చి పడుకుంటారు” అన్న భయం సమావేశంలో చాలామందికి ఉంది. ఎండలో పనిచేసిన మనిషి చెట్టు కింద పడుకుంటే పార్కుకు జరిగే నష్టమేమిటో నాకిప్పటికీ తెలియలేదు.

తర్వాతి సమావేశాన్ని హాల్లో కాకుండా పార్కులోనే, మధ్యాహ్నం రెండింటికి పెట్టమని కోరాం. అధ్యక్షుడు కాస్త ఇబ్బందిపడి, ఆ ఒక్కరోజుకు తాళం తీయిస్తానన్నారు. ఆ సంగతి చెప్పటానికి కానుగ దగ్గరికి వెళ్ళాను. సంతోషిస్తారనుకున్నాను. వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. డబ్బా మూత పెడుతూ ఒకామె అడిగింది. “మీటింగంటే ఎంతసేపు మేడం? మూడింటికి మల్ల పనికి పోవాలె. లేటయితే మాట పడ్తం.”